ముందుగది దాటి

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: ముందుగదిలో తాతయ్య, నాన్న, పెదనాన్న, ఆయన వెంట వచ్చిన మగచుట్టాలు ముగ్గురు, పక్కగదిలో మంచం మీద నానమ్మ, వంటింట్లో అమ్మ, నేను. అప్పుడు నాకు పధ్నాలుగేళ్ళు. ఆ ఇల్లు ఖాళీ చేసి వచ్చి మూడేళ్ళయినా, వంటింటి గడప నుంచి బాత్‌రూమ్ తలుపు దాకా ఎన్ని అడుగులో నాకింకా గుర్తే. పదకొండు.

ఉన్న ఒక్క బాత్‌రూమ్‌కీ ముందుగదిలోంచే దారి. అక్కడ మగవాళ్ళు కూర్చుని ఉంటే అమ్మ ఆ పదకొండు అడుగులూ వేసేది కాదు. చుట్టాలొస్తున్నారంటే పొద్దున్నుంచే నీళ్ళు మానేసేది. "దాహం లేదులేవే" అనేది. అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలింది తినేది. మిగలకపోతే "ఆకలి చచ్చిపోయిందే" అనేది. పెళ్ళికి ముందు చెంబెడు నీళ్ళు ఎత్తిన చెయ్యి దించకుండా తాగేదాన్నని, వాళ్ళన్నయ్యలతో పందెం కట్టి గెలిచేదాన్నని చెప్పి నవ్వేది. ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నానో! ఆ పిల్లని ఒక్కసారి చూడాలనిపించేది.

అమ్మకి ఫిట్స్. మాత్రలు వేసుకుంటున్నా ఆ ఏడాదిలో ఐదుసార్లు వచ్చాయి. "పనుండే రోజే చూసుకుని వస్తాయి మహాతల్లికి" అనేది నానమ్మ. "నలుగురిలోనే పడాలా? పరువు తీస్తోంది" అనేవాడు నాన్న.

ఐదోసారి వచ్చాక ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది. "ఫిట్స్ వచ్చిన రోజు ఏం తిన్నావమ్మా? నీళ్ళెన్ని తాగావు?" అమ్మ తల దించుకుంది. కొత్తవాళ్ళ ముందు నాకూ నోరు పెగలదు. సంచిలోంచి నా డైరీ తీసి ఇచ్చాను. అందులో అమ్మ జబ్బు గురించని ఏమీ రాయలేదు. ఊరికే ఇంటి సంగతులు. ఐదు తేదీలకీ ఐదు పేజీలు. అన్నిట్లోనూ మొదటి లైను ఒకటే: ఈ రోజు మా ఇంటికి చుట్టాలొచ్చారు.

డాక్టరమ్మ చాలాసేపు చదివింది. "ఇదొక్కటే కారణమని చెప్పను. కానీ పస్తులున్నా, ఒంట్లో నీళ్ళూ లవణాలూ తగ్గినా, అసలే ఫిట్స్ ఉన్న మనిషికి అవి తేలిగ్గా వస్తాయి. మాత్రలు ఆపకు. వేళకి తిను, తాగు. బాత్‌రూమ్‌కి మాత్రం గడియ పెట్టుకోకు."

ఆ తర్వాత మళ్ళీ చుట్టాలొచ్చింది, మొదట చెప్పిన ఆ రోజే. మధ్యాహ్నానికి అమ్మ పెదవులు ఎండిపోయాయి. చెంబుతో నీళ్ళిచ్చాను.

"తర్వాత తాగుతాలే."

"ఈ రోజు పేజీ కూడా అదే లైనుతో మొదలుపెట్టనా అమ్మా?"

అమ్మ నా వంక చూసింది. గరిటె పక్కన పెట్టి, కంచంలో అన్నం పెట్టుకుని కూర్చుంది. నింపాదిగా తింది. చెంబు ఎత్తింది. ముందుగదిలోంచి నాన్న అరిచాడు. "ఏమేవ్, మంచినీళ్ళు!"

చెంబు ఖాళీ అయ్యేదాకా అమ్మ చెయ్యి దించలేదు. "తాగుతున్నా. మీ పక్కనే ఉంది బిందె" అంది.

కాసేపటికి లేచి గడప దాటింది. వెనకాలే నేను. పెదనాన్న చాపిన కాళ్ళు ముడుచుకున్నాడు.

"ఇప్పుడేనా?" నాన్న పళ్ళ బిగువున అన్నాడు.

"ఇప్పుడే."

తొమ్మిది. పది. పదకొండు.

"గడియ పెట్టకమ్మా" అన్నాను, అలవాటుగా కాపలా నిలబడుతూ.

"పెట్టనులే. నువ్వూ పొద్దున్నుంచీ ఏం తినలేదు, నీళ్ళూ తాగలేదు. నేను చూడలేదనుకున్నావా? పో, వెళ్ళి తిను" అని, నవ్వుతూ నా మొహం మీదే తలుపు వేసేసింది.