బ్రేకే తొక్కాను

సోమవారం ఉదయం ఆధారం మాస్టారి కారు వెనక్కి ఎగిరి, బట్టల దుకాణం అద్దం పగలగొట్టుకుని లోపలికి దూరింది. మనుషులెవరికీ చిన్న గీత కూడా పడలేదు. కొత్త కోటు తొడుక్కుని నిలబడిన బొమ్మ ఒకటి మాత్రం కుడిచెయ్యి పోగొట్టుకుంది. కళాశాలలో ముప్ఫయ్యేళ్లు భౌతికశాస్త్రం చెప్పి, ఎవరు ఏ అద్భుతం గురించి నోరు తెరిచినా "ఆధారం ఏది?" అని నిలదీసి ఆ పేరు తెచ్చుకున్న మాస్టారు, కారు దిగుతూనే అన్న మాట ఇది:

"నేను బ్రేకే తొక్కాను. కారే దానంతటది దూకింది."

"దయ్యం పట్టిందా బావా?" అన్నాడు పక్కనే ఉన్న బావమరిది, ఎంతో వినయంగా.

ఆ వినయానికి ఓ చరిత్ర ఉంది. మేడమీద గది తలుపు దానంతటదే మూసుకుంటోందని అతడు హడలిపోయిన రోజున, ఈ బావగారే వెళ్లి కిటికీ రెక్క వేసి, తలుపు కదలదని నలుగురి ముందు నిరూపించారు.

"దయ్యం కాదు, ఎలక్ట్రానిక్ లోపం," అన్నారు మాస్టారు గంభీరంగా.

"ఓహో. చదువుకున్న దయ్యమన్నమాట."

ఇంట్లో అసలు తగాదా అద్దం గురించి కాదు, తాళంచెవి గురించి. మాస్టారి భార్యకు లైసెన్సు వచ్చి రెండేళ్లయింది. తాళంచెవి అడిగినప్పుడల్లా ఆయన "కాస్త అనుభవం రానీ" అనేవారు. తాళంచెవి లేకుండా అనుభవం ఏ దారిన వస్తుందో ఆయన చదివిన శాస్త్రంలో ఎక్కడా లేదు. ఇప్పుడు ఆవిడ తేల్చి చెప్పేసింది:

"తప్పు కారుదైతే తాళం మీ దగ్గరే ఉంచుకోండి, ఈ జన్మలో అడగను. మీ కాలిదైతే మాత్రం నా చేతికివ్వాలి. సరేనా?"

"సరే," అన్నారు మాస్టారు, అప్పటికే గెలిచినవాడిలా.

ముగ్గురూ గ్యారేజీకి వెళ్లారు. మెకానిక్ ఓపిగ్గా వివరించాడు. "మునుపు పెడల్ నుంచి ఇంజనుదాకా తీగ ఉండేది సార్. ఇప్పుడు లేదు. మీరెంత తొక్కారో సెన్సర్లు చెబుతాయి, ఆ లెక్కన కంప్యూటర్ ఇంజనుకు గాలి వదులుతుంది."

"అంటే నా కాలికీ ఇంజనుకూ నడుమ ఓ మధ్యవర్తి ఉన్నాడు. మధ్యవర్తి అబద్ధమాడవచ్చు."

"అందుకే సెన్సర్లు రెండు పెడతారు. రెండూ ఒకే మాట చెప్పకపోతే ఇంజను నత్తనడకకు దిగిపోతుంది."

"ఆ సాక్షులిద్దరూ ఒకే తీగ నుంచి కరెంటు తాగుతుంటే?"

మెకానిక్ తల గోక్కున్నాడు. ప్రశ్న తీసిపారేయదగినది కాదు. చిన్న యంత్రమొకటి కారుకు తగిలించి, తెర మీద అంకెలు చూపించాడు. గుద్దుకోవడానికి ముందు అయిదు సెకన్లు: యాక్సిలరేటర్ పూర్తిగా, బ్రేక్ సున్నా.

"నిందితుడు రాసుకున్న డైరీని నిందితుడి తరఫున సాక్ష్యంగా తెస్తావా?" అన్నారు మాస్టారు. "నా కాలిని ఎవరైనా కళ్లారా చూశారా?"

"కాలిని ఎలా చూస్తాం సార్?"

మాస్టారి కళ్లు మెరిశాయి. మహిమలు చూపేవాళ్లను పట్టుకోవడానికి జీవితమంతా ఉచ్చులు పన్నిన మనిషి ఆయన. క్లచ్ లేని ఆ ఆటోమేటిక్ కారులో బ్రేకుకు నీలం సుద్దపొడి, యాక్సిలరేటరుకు ఎర్ర సుద్దపొడి పూయించారు. కారును లిఫ్టు మీద చక్రాలు నేలకు తగలనంత ఎత్తుకు లేపించారు. గేరు వేశాక బూటు అడుగు శుభ్రంగా తుడిచి, కాలు కిందనే ఆనించి కూర్చోవాలి. బావమరిది డబ్బా మోగించగానే బ్రేకు తొక్కాలి. నియమాలన్నీ కాగితం మీద రాసి సంతకం కూడా చేశారు.

పదిసార్లు డబ్బా మోగింది. పదిసార్లూ బూటుకు నీలమే అంటింది.

"ఇంకేం మాట్లాడతారు?" అన్నారాయన.

"సోమవారం ఇలాగే ముందుకు చూస్తూ కూర్చున్నారా?" అంది భార్య.

"లేదు. వెనక్కి తిరిగి చూస్తున్నాను."

"మరి తిరగండి."

ఆయన అభ్యంతరం చెప్పబోయి ఆగారు. సంఘటన నాటి పరిస్థితి లేని పరీక్ష పరీక్షే కాదని విద్యార్థులకు చెప్పింది తానే. పక్క సీటు వీపు మీద చెయ్యి వేసి, నడుము మెలితిప్పి వెనక్కి చూశారు. మూడుసార్లు నీలం. నాలుగోసారి ఇంజను బొబ్బ పెట్టింది.

"చూశారా! చూశారా!" మాస్టారు సీట్లోంచి ఎగిరినంత పనిచేశారు. "బ్రేకే తొక్కుతున్నాను! ఇంకా గట్టిగా తొక్కుతున్నాను!"

ఆయన ఎంత గట్టిగా తొక్కితే అది అంత గట్టిగా అరిచింది. మెకానిక్ కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజను ఆపేశాడు.

"ఇదే! సోమవారం జరిగింది అచ్చంగా ఇదే!"

"అవును, ఇదే," అంది భార్య, వంగి బూటు అడుగు చూస్తూ.

అడుగంతా ఎరుపు.

"రంగు దానంతటదే అంటుకుందేమో బావా," అన్నాడు బావమరిది.

మాస్టారు బూటు తిప్పి ఆ ఎరుపు చూసుకున్నారు. ఓడిపోవడం కన్నా ఆయనను కలవరపెట్టింది మరొకటి. ఆ క్షణాన ఎవరు అడిగినా, తన పాదం కింద ఉన్నది బ్రేకేనని ప్రమాణం చేసి చెప్పేవారు. అబద్ధాలకోరులని తాను కొట్టిపారేసినవాళ్లలో ఎందరు ఇలా నిజాయితీగా పొరపడ్డారో! ఈ కారు వరకు తేలిపోయింది, అన్ని కార్లకూ కాదు. ఆ మాటే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, తాళంచెవి తీసి భార్య అరచేతిలో పెట్టారు.

"అనుభవం లేదుగా నాకు," అంది ఆవిడ, గుప్పిట మూస్తూ.

"నాకున్న అనుభవం చూశావుగా. పద."

ఆవిడ కారు నెమ్మదిగా రోడ్డెక్కించింది. మొదటి మలుపులో సైకిలొకటి అడ్డొచ్చింది. కారు చక్కగా ఆగింది. పక్క సీట్లో మాస్టారి కుడికాలు బిగుసుకుపోయి ఉండటం ఆవిడ కంటబడింది.

"ఏమండీ, మీరేం తొక్కుతున్నారు?"

"ఇక్కడ తొక్కడానికి ఏముంది? ఒట్టి నేల."

"అందుకే సరిగ్గా ఆగింది," అంది ఆవిడ.