చక్కెర పువ్వుల మాస్టరు

కేకు మాస్టరు చక్కెరతో గులాబీ చేస్తే తేనెటీగలు దారి అడుక్కుంటూ వచ్చేవి. ఆయన మాత్రం దాన్ని నాలుకకి తగలనివ్వడు. షుగరు వచ్చిన నాటినుంచీ అదే ఒట్టు. రుచి చూడాల్సి వస్తే బేకరీ కౌంటర్లో పనిచేసే మరదలిని కేకేస్తాడు. ఆ పిల్ల రుచి చూసీ చూసీ కూడా పుల్లలాగే ఉంది. అదో అన్యాయం.

ఇంత నిష్ఠగా ఉన్న మనిషి మీద ఇంట్లో దొంగతనం కేసు నడుస్తోంది. పొద్దున్నే ఇంట్లో వేలు గుచ్చుకుంటే షుగరు చూసే మిషన్ నూట ఇరవై చూపిస్తుంది. మధ్యాహ్నం బేకరీలో గుచ్చుకుంటే నాలుగొందలు.

"ఇంటికీ బేకరీకీ మధ్యలో ఇంత షుగరు ఎక్కణ్ణుంచి ఊడిపడిందండీ?" అని భార్య.

"నీ మీదొట్టు, వేలు కూడా నాకలేదే."

"నా మీదెందుకు? ఆ కేకు మీద వెయ్యండి ఒట్టు."

చెల్లెల్ని కాపలా కూడా పెట్టింది. మరదలు వారం రోజులు రెప్ప వెయ్యకుండా చూసింది. ఆమె కళ్ళు ఆరిపోయాయి తప్ప దొంగ దొరకలేదు. అక్క నమ్మలేదు. "నీక్కూడా లంచం పెట్టుంటాడు" అంది.

చక్కెర పూల పనిలో తడి పనికిరాదు. చెయ్యి కాస్త చెమ్మగా ఉన్నా రేక కరిగి జారిపోతుంది. అందుకని పూలు పూర్తయ్యేదాకా మాస్టరు నీళ్ళ జోలికి పోడు. చేతులు ఏప్రన్‌కే తుడుచుకుంటాడు. ఆ ఏప్రన్ దులిపితే ఇంకో పెళ్ళి కేకు లేస్తుంది.

ఆ మధ్యాహ్నం కూడా అలాగే తుడుచుకుని వేలు గుచ్చుకున్నాడు. నాలుగొందల పన్నెండు. అంత ఉంటే ఇన్సులిన్ కొంచెం పెంచుకోమని డాక్టరు ముందురోజే చెప్పాడు కాబట్టి పెంచి పొడుచుకున్నాడు, డబ్బాలో అన్నం చెంచాతో తిన్నాడు, మళ్ళీ పూల ముందు కూర్చున్నాడు.

కాసేపటికి ఒళ్ళంతా చెమట. చేతులు వాటి ఇష్టం వచ్చినట్టు వణుకుతున్నాయి.

మరదలు తొంగిచూసింది. "బావా, అది గులాబీనా, క్యాబేజీనా?"

"ఏదైతే... ఏంటి" అన్నాడాయన, మాట ముద్దగా.

ఆమె నవ్వు ఆగిపోయింది. గబగబా మిషన్ తెచ్చి ఆయన వేలు గుచ్చింది. మూడొందల తొంభై.

"ఇంకా దిగలేదు. ఇంకాస్త వేసుకుంటా" అని మాస్టరు ఇన్సులిన్ పెన్ను అందుకోబోయాడు.

"ఆగు! షుగరు పడిపోయినోడిలా వణుకుతున్నావ్, ఇదేమో కొండెక్కిందంటోంది. దీనికే పిచ్చెక్కినట్టుంది." కొత్త సూది పెట్టి తన వేలు గుచ్చుకుంది. తొంభై ఆరు. మిషన్‌కి బుద్ధి బాగానే ఉంది.

అప్పుడు బావ వేళ్ళు చూసింది. గోళ్ళ సందుల్లో, గీతల్లో, తెల్లగా పొడి.

"ఓరి దేవుడో! నీ రక్తాన్ని కాదు బావా, నీ ఏప్రన్ని పరీక్ష చేస్తున్నాం!"

పంపు దగ్గరికి లాక్కెళ్ళి సబ్బుతో కడిగింది, పొడిగుడ్డతో తుడిచింది, మళ్ళీ గుచ్చింది. యాభై రెండు.

పెన్ను లాక్కుని జేబులో వేసుకుంది. కేకుల మీద పూసే చక్కెర పాకం గ్లాసులో పోసి ఆయన నోటికి పెట్టింది. ఆయన మూతి తిప్పుకున్నాడు.

"వద్దు. ఒట్టు."

"ఒట్టు గట్టు మీద పెట్టు. తాగు!"

సరిగ్గా అప్పుడే అక్క ఫోను. మరదలు స్పీకరు నొక్కింది.

"ఏం చేస్తున్నాడే మీ బావ?"

"పాకం తాగుతున్నాడక్కా."

"దొరికాడా! లాక్కో ఆ గ్లాసు!"

"లాక్కోను. నేనే పోస్తున్నా. యాభై రెండుకి పడిపోయింది. ఆ నాలుగొందలు ఒంట్లోవి కాదక్కా, చేతికంటిన చక్కెర. ఉత్తిపుణ్యానికి ఇన్సులిన్ ఎక్కువ పొడుచుకున్నాడు."

 

"తాగుతున్నాడా?" అంది అక్క.

"తాగాడు. వణుకు తగ్గుతోంది. కాసేపాగి మళ్ళీ చూస్తా."

"ఏమండీ... ఎలా ఉంది?"

మాస్టరు పెదాలు చప్పరించి, పనివాడిలా ఆలోచించి చెప్పాడు.

"కొంచెం చక్కెరెక్కువైందే."