సగం అంటే ఎంత

కంప్యూటరులో ఫ్యాను బంగారంలా తిరుగుతోంది. బయట నీళ్లు చల్లార్చే టవరు మీదున్న అసలు ఫ్యానే మొండికేసింది. ఇరవై సెకన్లకోసారి జోరెక్కుతుంది, నీరసపడుతుంది, మళ్లీ జోరెక్కుతుంది. కింద నిలబడి వింటే గేరుబాక్సు మూలుగు వినబడుతుంది.

ఆ ఫ్యానుకు కరెంటు లేదు. ఫ్యాక్టరీలో యంత్రాలను చల్లబరచి వేడెక్కిన నీళ్లు టవరు పైకి తిరిగొచ్చేటప్పుడు వాటిలో ఇంకా కాస్త తోసే బలం మిగిలి ఉంటుంది. ఆ బలంతో టర్బైను తిప్పి, టర్బైనుతో ఫ్యాను తిప్పాలన్నది ప్లాంటులోని ఇంజనీరమ్మ పథకం. అది ఎక్కడ నిలకడగా తిరుగుతుందో, ఎక్కడ ఊగిసలాడుతుందో ఆవిడ రెండేళ్లు కూర్చుని కంప్యూటరులో లెక్క కట్టింది. నెల కిందట పాత మోటారు దింపించి టర్బైను ఎక్కించింది. తెరమీద ఎప్పుడు చూసినా వంకర గీతలే కాబట్టి ప్లాంటంతా ఆవిణ్ణి బొమ్మల మేడమ్ అంటారు. పేరు పెట్టి పిలిచేది వాళ్లమ్మ ఒక్కతే.

ఇప్పుడు వ్యవహారం పీకలమీదకు వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి క్రేను వస్తుంది. పాత మోటారు మళ్లీ పైకెక్కుతుంది, టర్బైను తుక్కు షెడ్డుకు పోతుంది. "మీ లెక్కలో బాగుంది, నా టవరు మీద బాగాలేదు" అని మేనేజరు పొద్దున్నే మొహమ్మీద చెప్పేశాడు. టర్బైను పోతే దానికోసం ఇచ్చిన ఉద్యోగమూ పోతుంది. ఆ మాట ఆయన అనలేదు, అననక్కర్లేదు కూడా.

పన్నెండింటికి ఆవిడ పంపు గదిలో కూర్చుని లాగ్‌బుక్కు పదోసారి తిరగేస్తోంది. ఆ పుస్తకం రాసేది పంపు ఆపరేటరు. ముప్పై ఏళ్లుగా ఆ గదిలోనే ఉన్నాడు, అందరికీ బాబాయే.

"అక్షరాలు అరిగిపోతాయమ్మా. కాస్త టీ తాగండి," అని గ్లాసు ముందు పెట్టాడు.

"టీ గొంతు ఎలా దిగుతుంది బాబాయ్? అన్నీ మీరు రాసినట్టే పెట్టాను. పంపు ఒత్తిడి మీరు రాసిందే. నీళ్ల వేడి మీరు రాసిందే. టర్బైనులోకి రాకుండా నీళ్లను పక్కదారి పట్టించే వాల్వు సగం, అదీ మీరు రాసిందే. సగం నీళ్లు పక్కకు పోతే ఇది ఊగకూడదు."

తన టీ ఊదుకుంటున్నవాడల్లా బాబాయి ఆగాడు. "సగం నీళ్లా? నేనెప్పుడు రాశాను?"

"ఇదిగో. వాల్వు సగం."

"అవును, వాల్వు సగం. చక్రం ముప్పై చుట్లు, పదిహేను తిప్పాను. సగమేగా? నీళ్ల సంగతి నేనెత్తానా? ఆ వాల్వుకు పదిహేను చుట్లకే ముప్పాతిక పైన పోతాయి నీళ్లు. మిగతా పదిహేనూ నా చేతులకు కసరత్తు."

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఇలాంటి వాల్వు సంగతి కాలేజీలో చదివిందే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే! అయినా సగం అన్న మాట కనబడగానే కళ్లు మూసుకుని యాభై అని కొట్టేసింది. నెలరోజుల్లో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, సగం అంటే ఎంత బాబాయ్ అని అడిగిన పాపాన పోలేదు. అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?

గబగబా ఎనభై అని కొట్టి చూసింది. తెరమీద తిన్నగా ఉన్న గీత వంకర్లు పోయింది. శిఖరానికీ శిఖరానికీ ఇరవై సెకన్లు.

"బాబాయ్, ఊగుతోంది!"

"ఊగితే అంత సంబరమేంటి తల్లీ?"

"బయటిదీ ఇలాగేగా ఊగుతోంది! అంటే నా లెక్క అబద్ధం కాదు, టర్బైనుకు నీళ్లు చాలట్లేదంతే. నిజంగా సగం నీళ్లే పక్కకు పోవాలంటే ఎన్ని చుట్లు?"

బాబాయి కళ్లు మూసుకుని, గాలిలోనే చక్రం పట్టుకుని తిప్పాడు. "ఆరు. కాదు, ఆరూ పావు."

ఇద్దరూ బయటికి పరుగెత్తారు. తొందరపడితే నీళ్లు ఎదురుతన్ని పైపు అదిరిపోతుందని బాబాయి ఒక్కో చుట్టూ ఆగి ఆగి మూశాడు. ఆవిడ వేగం చూపే ముల్లు దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడింది. చక్రం పదిహేను చుట్ల నుంచి పదకొండుకు దిగేసరికి ముల్లు ఊపు తగ్గింది. ఎనిమిదికి ఇంకా తగ్గింది. ఆరూ పావు దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. గేరుబాక్సు మూలుగు లేదు.

రెండింటికి క్రేనూ, దాని వెనకే మేనేజరూ వచ్చారు. "ఏం చేశారు దీన్ని?" అన్నాడు ఆయన పైకి చూస్తూ.

ఆవిడ నోరు తెరిచేలోపే బాబాయి అందుకున్నాడు. "తప్పు నాది సార్. పుస్తకంలో అడ్డదిడ్డంగా రాశా. పాపం మేడమ్ నమ్మేసింది."

"ఇన్నేళ్ల సర్వీసు పెట్టుకుని ఇదేం రాత బాబాయ్!" అని మేనేజరు దులిపేశాడు. నెల పాడయిందన్నాడు, బుద్ధుందా అన్నాడు. బాబాయి తల వంచుకుని విన్నాడు.

మేనేజరు క్రేను వైపు నడవగానే ఆవిడ బాబాయి చొక్కా పట్టుకుంది. "ఎందుకలా చెప్పారు?"

"నన్ను తిడితే సాయంత్రానికల్లా మర్చిపోతాడమ్మా. లెక్క నీది తప్పంటే క్రేను పైకి లేస్తుంది. ఊరుకో."

ఆవిడకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. కన్నవాళ్లు తప్ప ఆవిడకోసం ఇంతవరకూ ఎవరూ తిట్లు తినలేదు. ఊరుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, టర్బైనూ నిలుస్తుంది. ఊరుకోవడానికి మనసొప్పలేదు.

"సార్!" అని కేకేసింది. "ఆయన రాసింది అక్షరాలా నిజం. అడక్కుండా ఊహించుకున్నది నేను. తప్పు నా లెక్కలో ఉంది."

మేనేజరు వెనక్కి తిరిగాడు. ఆవిణ్ణి చూశాడు, ఫ్యానును చూశాడు.

"మరి ఇప్పుడు తిరుగుతున్నది ఎవరి లెక్క?"

"సగమన్నది నాది సార్. ఆరూ పావు ఆయనది."

ఆయన ఇంకాసేపు ముల్లు వంక చూశాడు. అది కదల్లేదు. "క్రేను వెనక్కి పంపండి," అని, పోతూ పోతూ బాబాయి భుజం తట్టి వెళ్లాడు.

"నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది నీకు?" అని బాబాయి పంపు గదిదాకా సణుగుతూనే వచ్చాడు.

ఆవిడ స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, కొత్త నోటుబుక్కు తెరిచింది. "మీ దయవల్ల ఇవాళ నిలబడ్డాను బాబాయ్. ఇప్పుడు చెప్పండి. లాగ్‌బుక్కులో రాయనివి మీకింకా ఏమేం తెలుసు?"

బాబాయి కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

"ముప్పై ఏళ్లలో నన్నీ మాట ఎవరూ అడగలేదు తల్లీ," అన్నాడు. ఆ తర్వాత రెండో పంపుతో మొదలుపెట్టి, డ్యూటీ దిగేదాకా ఆపలేదు.