టీచరమ్మ కుడికాలి బ్రేకు

డ్రైవింగ్ స్కూలు టీచరమ్మకి కుడి గజ్జల్లో గోలీకాయంత గడ్డ. మామూలు రోజుల్లో బుద్ధిగానే ఉండేది. నెలసరి వచ్చిందంటే చాలు, ఉబ్బిపోయి కారాలూ మిరియాలూ నూరేది. నేర్చుకునేవాళ్లు గోడల మీదికి పోకుండా ఆమె సీటు ముందూ ఒక బ్రేకు ఉంటుంది కదా, ఆ రోజుల్లో దాన్ని నొక్కితే ప్రాణం పోయినంత పనయ్యేది. అందుకని కాలికి బదులు నోటికి పని చెప్పేది. ఆ కేకలకి వీధిలో బండ్లన్నీ ఆగేవి, తన కారు తప్ప.

సంగతి ఓనరు చెవిన పడింది. "తగ్గేదాకా ఆఫీసులో కూర్చుని ఫోన్లెత్తండి టీచరమ్మా" అన్నాడు. ఆమెకి కారు దిగితే ఇక ఎక్కనివ్వరని భయం.

డాక్టరుకి చూపించుకోలేదా అంటే, చూపించుకుంది. తిరకాసంతా అక్కడే ఉంది. ఆ రోజుల్లో మగ డాక్టరు ముందుకి ఎలా పోతామని తోడొచ్చే వదిన, నిజమే కదా అని టీచరమ్మ. అంతా అయిపోయాక తలంటుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని మరీ వెళ్లేవారు. అప్పటికి గడ్డ ఏమీ ఎరగనట్టు అణిగిపోయేది. పేగు జారిన హెర్నియా అయితే దగ్గినప్పుడు ఉబ్బుతుందని సర్జను "దగ్గండి" అనేవాడు. దగ్గేది. "ఇంకా గట్టిగా." బయట కూర్చున్న వదిన ఆగలేక సాయంగా తనూ దగ్గేది. చివరికి ఇద్దరికీ దగ్గుమందు రాసి పంపాడు మహానుభావుడు.

ఈలోగా ఒక ఆడవాళ్ల డాక్టరమ్మ కారు నేర్చుకోడానికి చేరింది. ఆస్పత్రిలో ఎంత గట్టిదో స్టీరింగు దగ్గర అంత మొద్దు. ఓరోజు తిన్నగా మందుల షాపు మెట్లెక్కబోయింది. టీచరమ్మ గత్యంతరం లేక బ్రేకు నొక్కి, "చచ్చాన్రా దేవుడా" అంది.

"గోడకి తగిలిందా?"

"గోడకేం, నిక్షేపంలా ఉంది. నాకే గజ్జల్లో..."

కారు రోడ్డుకి అడ్డంగా ఉండగానే డాక్టరమ్మ ఆరా మొదలుపెట్టింది. ఎప్పుడెప్పుడు నొప్పి, ఎప్పుడు వాపు. వెనక హారన్లు మోగుతుంటే టీచరమ్మ సిగ్గుతో ముడుచుకుపోతూ చెప్పింది.

"ఇప్పుడే ఆస్పత్రికి పదండి."

"ఇవాళా? ఇలాంటప్పుడు ఎలాగండీ?"

"ఇలాంటప్పుడే రావాలి. దొంగ ఊరు దాటాక పోలీసుని పిలిస్తే వాడేం పట్టుకుంటాడు?"

స్కానులో గడ్డ దొరికిపోయింది. "గర్భసంచి లోపలి పొరలాంటిదే గజ్జల్లో పెరిగి, నెలనెలా అక్కడ ఉబ్బుతోంది. ఎండోమెట్రియోసిస్ అని నా అనుమానం. తీసి ల్యాబుకి పంపితేగానీ ఖాయం కాదు" అంది డాక్టరమ్మ.

"గర్భసంచి దగ్గరుండాల్సింది గజ్జల్లోకా?" కబురంది పరుగెత్తుకొచ్చిన వదిన నిట్టూర్చింది. "మా అత్తారి వైపు ఎవరికీ దారి తెలీదు లెండి."

డాక్టరమ్మా ఆ సర్జనూ కలిసి ఆపరేషన్ చేశారు. ల్యాబువాళ్లూ అదేనన్నారు. మళ్లీ వచ్చే అవకాశం ఉంది, అప్పుడప్పుడూ చూపించుకోమన్నారు. సర్జను మొహం చెల్లక దగ్గమని మాత్రం అడగలేదు.

గాయం మానాక ఓనరు పరీక్ష పెట్టాడు. సరిగ్గా ఆ రోజే నెలసరి. డాక్టరమ్మ స్టీరింగు పట్టింది, ఓనరు వెనక కూర్చున్నాడు. మలుపు తిరగ్గానే కారు కరెంటు స్తంభం మీదికి దూసుకుపోయింది. టీచరమ్మ కళ్లు మూసుకుని బ్రేకు నొక్కింది. కారు ఆగింది. నొప్పి కోసం ఎదురు చూసింది. రాలేదు. బిగబట్టిన ఊపిరి వదిలి, పట్టలేక భోరుమంది.

"నొప్పా టీచరమ్మా?" ముందు సీటుని వాటేసుకునే అడిగాడు ఓనరు.

"లేదండీ. అస్సలు లేదు."

"అయితే ఈ కారు మీదే, రేపట్నుంచి రండి" అని తలుపు తీసుకున్నాడు. "నేను మాత్రం నడిచి పోతాను."