తప్పు చేసినవాళ్ళ కేకు

లెమ్‌విగ్ అనే ఊళ్ళో ప్రేబెన్ నడిపే క్లినిక్‌లో శుక్రవారం పొద్దున రోగుల్ని కాస్త ఆలస్యంగా పిలుస్తారు. ముందు అందరూ వంటగదిలో బల్ల చుట్టూ చేరాలి. వెన్న, జున్ను రాసుకుని రొట్టెలు తినాలి, కాఫీ తాగాలి. ఆ వారం పనిలో ఎవరు తప్పు చేస్తే వాళ్ళు ఇంటి నుంచి కేకు చేసుకొచ్చి, తలా ఒక ముక్క కోసి పెట్టి, చేసిన తప్పేమిటో తమ నోటితోనే చెప్పుకోవాలి. వినేవాళ్ళు నవ్వొచ్చు, నాలుగు చివాట్లూ పెట్టొచ్చు. కేకు అయిపోయాక మాత్రం ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. అదీ అక్కడి ఆనవాయితీ.

ఆ బల్ల మీదికి అందరికంటే ఎక్కువ కేకులు తెచ్చింది ప్రేబెనే. జుట్టంతా నెరిసేదాకా ఊరి జనం వెన్నులూ కీళ్ళూ చేత్తోనే సర్దిన పెద్ద కైరోప్రాక్టర్. అలాంటి మనిషి ఒక శుక్రవారం ఆపిల్ కేకు కోస్తూ, "కుడి మోకాలు నొప్పని వస్తే ఎడమ మోకాలు పావుగంట పట్టిపట్టి చూశాను. పాపం ఆవిడ మొహమాటంతో చెప్పలేదు" అన్నాడు. మారెన్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మారెన్ అక్కడ కొత్త పిల్ల. ఓడెన్స్‌లో చదువు ముగించి, పట్టా పుచ్చుకుని వచ్చింది. పట్టా ఉంటే చాలదు. ఒక ఏడాది పెద్దవాళ్ళ కింద పని చేసి, వాళ్ళు సరేనని సంతకం పెడితేనే సొంతంగా బోర్డు కట్టుకోవచ్చు. ఆ సంతకం ప్రేబెన్ చేతిలో ఉంది. ఆమె వచ్చింది వేసవి చివర్లో. ఇప్పుడు నవంబరు గాలి కిటికీలు ఊడబెరుకుతోంది. ఇంతవరకూ ఒక్క కేకూ తేలేదు.

"అమ్మాయ్, మీ ఇంట్లో ఓవెన్ పాడైందా ఏంటి?" అని ఆటపట్టించేది యూటె. ఫోన్లు తీసేదీ, రోగుల్ని వరసలో పెట్టేదీ ఆవిడే. నోటికి అడ్డూ ఆపూ లేదు.

"తప్పులు చెయ్యడం లేదుగా, ఏం తెమ్మంటావు?" అని మారెన్ నవ్వేసేది. ప్రేబెన్ మాత్రం నవ్వేవాడు కాదు. ఒకసారి కప్పు కింద పెట్టి, "నువ్వు కేకు తేకపోతే నాకు ముద్ద దిగడం లేదు" అన్నాడు. పొగుడుతున్నాడేమో అనుకుంది పిచ్చిది.

తప్పులు లేకేం, బోలెడున్నాయి! ఒకావిడ మెడ ఎటు తిరగడం లేదో తిరగేసి రాసింది. ఒకాయనకి చెప్పాల్సిన వ్యాయామం చెప్పడమే మరిచిపోయింది. అన్నీ మూడోకంటికి తెలియకుండా తనే సరిచేసుకుంది. చెబితే ఆ సంతకం ఎక్కడ జారిపోతుందోనని భయం. చదువుకునే రోజుల్లో ఒక్కో రోగికి గంట ఉండేది, వెనకాల గురువు నిలబడేవాడు. ఆయన ఊఁ అంటేనే చెయ్యి వేయాలి. ఇక్కడ ఇరవై నిమిషాలు, మూసిన తలుపు. ఇప్పటికీ ఏదైనా పరీక్ష చేయగానే అలవాటుగా వెనక్కి తిరిగి చూస్తుంది. వెనకాల గోడ, దాని మీద క్యాలెండరు తప్ప ఎవరుంటారు?

ఆ బుధవారం మధ్యాహ్నం ఐనర్ వచ్చాడు. ఊరి బయట పాడి రైతు, తలుపు పట్టనంత మనిషి. పేడ అంటిన రబ్బరు బూట్లతోనే గదిలోకి వచ్చి, టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"ఏమైంది ఐనర్?" అంది మారెన్. ఆ దేశంలో చిన్నా పెద్దా అందరూ ఒకరికొకరు నువ్వే. మీరు అనాలంటే రాజుగారే ఎదురుపడాలి.

"నడుం. కాస్త పట్టేసింది."

"కాల్లోకి పాకుతోందా?"

"కాస్త."

"పదికి ఎంత వేస్తావు నొప్పికి?"

ఐనర్ పైకప్పు వైపు చూసి లెక్కేసుకున్నాడు. "రెండు అనుకో."

రాజధాని కోపెన్‌హాగెన్‌లో పెరిగిన పిల్ల మారెన్. అక్కడ రెండు నొప్పికి ఎవరూ గుమ్మం దాటరు, రెండున్నవాడు కూడా ఎనిమిదంటాడు. రెండే కదా అని ఆమె గుండె తేలికపడింది. పైగా అప్పటికే ఆలస్యమైంది, బయట ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"బూట్లు తీస్తావా? పాదాల బలం చూడాలి."

"తీస్తే మళ్ళీ ఎక్కించుకోవడం నా వల్ల కాదు. పాలు పితికే వేళయింది. అంత అవసరమా?"

అవసరమే. ఈ చదువులో మొదటి ఏడాది పిల్లకైనా తెలుసు అవసరమని. కానీ మారెన్ ఒక్క క్షణం నీళ్ళు నమిలి, "సరేలే" అనేసింది. పడుకోబెట్టి కాలెత్తి చూసింది, నడుం తడిమింది, పక్కకి తిప్పి ఒక్క ఊపు ఊపింది. టక్కుమని చప్పుడైంది. ఆ చప్పుడు వింటే కొత్తవాళ్ళకి ఎంత సంతోషమో చెప్పలేం, ఏదో సాధించినట్టే ఉంటుంది. ఐనర్ లేచి, "మంచిది" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

చేతులు కడుక్కుంటూ మారెన్ కిటికీలోంచి చూసింది. ఐనర్ బండి తలుపు తీసి సీటులో కూలబడ్డాడు. ఎడమ కాలు బయటే ఉండిపోయింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, దాణా బస్తా ఎత్తినట్టు ఎత్తి లోపల పెట్టుకున్నాడు.

మారెన్ కుళాయి కట్టేసింది. బూట్లు బరువు కదా, అందుకేలే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. తరువాతి రోగి ఏం చెప్పిందో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఆవిడ వెళ్ళగానే ఐనర్‌కి ఫోన్ చేసింది.

"ఎలా ఉంది?"

"ఫర్వాలేదు. నడుస్తోంది" అన్నాడు. వెనక ఆవుల అరుపులు. ఫోన్ పెట్టేశాడు.

చూశారా, ఎంత సులువో! రోగి ఫర్వాలేదన్నాడు. ఆ మాట రాసుకుని ఇంటికిపోతే అడిగేవాడు లేడు. సంతకం భద్రం, పరువు భద్రం. మారెన్ కుర్చీలో కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. ఆ కాలు ఎత్తిపెట్టుకున్న తీరు కళ్ళముందునుంచి పోవడం లేదు. చివరికి వెళ్ళి ప్రేబెన్ గది తలుపు తట్టింది. లోపల రోగి ఉండగా ఆ తలుపు ఎవరూ తట్టరు.

ప్రేబెన్ బయటికొచ్చి ఆమె మొహం చూసి తలుపు దగ్గరగా వేశాడు. ఆమె గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పేసింది, బూట్లు తీయించలేదన్న మాటతో సహా.

"ఐనర్ తనంతట తను వచ్చాడా? వాళ్ళావిడ లాక్కురాలేదూ?"

"లేదు, ఒక్కడే వచ్చాడు. నొప్పి రెండన్నాడు."

"ఓరి దేవుడా!" అన్నాడు ప్రేబెన్. "ఆ మనిషిని ఆవు తొక్కి పక్కటెముకలు విరిగినప్పుడు కాస్త గీరుకుందన్నాడు. ఇక్కడివాళ్ళు అందరూ అంతే. రెండంటే పరుగెత్తాలమ్మా. కోటు వేసుకో, పద."

యూటెకి మిగతా రోగుల్ని అప్పజెప్పి ఇద్దరూ కారెక్కారు. దారిలో మారెన్ ఉండబట్టలేకపోయింది. "ప్రేబెన్, నా సంతకం సంగతి..."

"నోరుమూసుకో. తిట్లు తరవాత, ముందు మనిషి."

పాకలో ఐనర్ ఆవుల మధ్య గోడ పట్టుకుని నడుస్తున్నాడు. అడుగు పడ్డప్పుడల్లా ఎడమ పాదం నేల మీద టపటపా కొట్టుకుంటోంది. మారెన్ వెనక్కి తిరిగి చూసింది. ప్రేబెన్ గుమ్మంలో ఆగిపోయి, జేబుల్లో చేతులు పెట్టుకుని, పక్కనున్న ఆవు చెవుల్ని ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు. సాయానికి వచ్చేటట్టు లేడు. ఎంత కోపమొచ్చిందో ఆమెకి! ఆ కోపంలోనే ముందుకి నడిచింది.

బకెట్టు బోర్లించి ఐనర్‌ని కూర్చోబెట్టింది. మోకాళ్ళ మీద కూలబడి తనే ఆ బూటు లాగింది. మేజోడు తీసింది.

"పాదం పైకెత్తు."

ఐనర్ ఎత్తానన్నట్టే చూశాడు. పాదం కదల్లేదు.

"ఐనర్, ఒంటికి సరిగ్గా పోతున్నావా?"

ఆయన మొహం కందగడ్డయింది. గుమ్మంలో ఉన్న ప్రేబెన్ వైపు చూశాడు, కాపాడమన్నట్టు. ప్రేబెన్ ఇంకా ఆవునే చూస్తున్నాడు.

"సిగ్గుపడే వేళ కాదిది. పోతోందా, లేదా?"

"నిన్నట్నుంచీ... రావడం లేదు సరిగ్గా. కూర్చునే చోటంతా మొద్దుబారింది. చలికేమోననుకున్నా."

మారెన్ లేచి నిలబడింది. "వెన్నులో నరాలు నలుగుతున్నాయి. ఇప్పుడే పెద్దాసుపత్రికి పోవాలి. రేపు కాదు, ఇప్పుడే."

"మరి పాలు?"

"ఆవులు ఆగుతాయి ఐనర్. నరాలు ఆగవు."

"విన్నావుగా!" అన్నాడు ప్రేబెన్ అప్పుడు. చొక్కా చేతులు మడుచుకుంటూ పాకలోకి వచ్చాడు. "పాలు నేనూ మీ ఆవిడా చూసుకుంటాం. నాకు రాదనుకోకు, మా నాన్నకీ ఆవులుండేవి."

అంబులెన్సుకి ఫోన్ చేసింది మారెనే. అవతల డాక్టరు అడిగినదానికల్లా తడుముకోకుండా చెప్పిందీ ఆమే. తను ఏం చూసిందో, మధ్యాహ్నం ఏం చూడకుండా వదిలేసిందో, నడుం ఊపిన సంగతితో సహా దాచకుండా చెప్పింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ అయింది. నరాల మీది ఒత్తిడి తీసేశారనీ, కబురు ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యగలిగింది ఉండేది కాదనీ, పాదం తేరుకోవడానికి మాత్రం నెలలు పట్టొచ్చనీ మర్నాడు ఆసుపత్రి నుంచి తెలిసింది.

శుక్రవారం మారెన్ కొబ్బరి కేకు తెచ్చింది. అడుగు మాడింది, మధ్యలో పచ్చిగా ఉంది. ముక్కలు కోస్తూ ఐనర్ సంగతి చెప్పింది. అక్కడితో ఆగుదామనుకుంది కానీ కట్ట తెగినట్టు మెడ తిరగేసి రాసిన సంగతి, వ్యాయామం మరిచిపోయిన సంగతి, అన్నీ వచ్చేశాయి. ఏడుపూ వచ్చింది.

"ఇన్ని తప్పులకి ఒక్క కేకేనా? అదీ మాడింది" అంది యూటె, తన కళ్ళు తుడుచుకుంటూ.

ప్రేబెన్ తన ముక్క పూర్తిగా తిన్నాడు, పచ్చిదంతా కూడా. "ఆ జబ్బు నీ చేతివల్ల రాలేదు. నువ్వు ముట్టుకోకముందే ఉంది. కానీ ముట్టుకోకముందే నీకు తెలియాలి. అదీ తప్పు, ఇంక జన్మలో చెయ్యకు. నా తలుపు తట్టావు చూడు, అదీ కైరోప్రాక్టర్ చేసే పని. సంతకం నేను పెట్టేది దానికి, తప్పు చెయ్యనివాళ్ళకి కాదు. అలాంటివాళ్ళని నేనింతవరకూ చూడలేదు."

అంటూనే లేచి బీరువా మీంచి ఒక డబ్బా దింపి మూత తీశాడు. లోపల ఇంకో కేకు.

"ఇది నాది" అన్నాడు. "గురువు పక్కనుంటే తప్ప చెయ్యి వెయ్యని పిల్లకి ఇరవై నిమిషాలిచ్చి తలుపు మూసేశాను. ఈదడం అదే వస్తుందిలే అనుకున్నా. ఐనర్ కాలు అలా అయిందంటే అందులో నా వాటా ఉంది. ఇవాళ్టినుంచి నీ దగ్గరకొచ్చే కొత్త రోగికి గంట. రోజూ మధ్యాహ్నం మనిద్దరం కూర్చుని పొద్దుటినుంచీ చూసినవాళ్ళ గురించి మాట్లాడుకోవాలి. నా రోగుల గురించి కూడా."

"రెండు కేకులు! నా నడుం కొలత ఎవరు చూస్తారు?" అని యూటె కత్తి అందుకుంది.

అంతటితో భయం పోయిందనుకుంటే పొరపాటే. తరువాత చాలా రోజులు మారెన్ ఎవరి వెన్ను మీద చెయ్యి వేసినా వేళ్ళు చల్లబడేవి. కొందరికి చెయ్యి వెయ్యకుండానే, ముందు వెన్నుకి ఎక్స్‌రే తీయించుకు రమ్మని పంపేసింది. ప్రేబెన్ తిట్టలేదు. మధ్యాహ్నం కాఫీ దగ్గర ఎందుకు పంపావని అడిగి, కొన్నిసార్లు మంచిపని అన్నాడు, కొన్నిసార్లు అనవసరం అన్నాడు. కొద్దికొద్దిగా వేళ్ళు వేడెక్కాయి.

చలికాలం సగమయ్యాక ఒక పొద్దున యూటె తల లోపలికి పెట్టింది. "ఐనర్ వచ్చాడు. ఆసుపత్రివాళ్ళు మళ్ళీ నడక నేర్చుకోవడానికి మన దగ్గరికి పంపారు. నీకెందుకు ఇబ్బందని ప్రేబెన్ ఖాళీగా ఉన్నాడని చెప్పా. వినడే! ఆ పిల్లే కావాలట."

ఐనర్ చేతికర్రతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మనిషి కాస్త తగ్గాడు. ఎన్నోసార్లు మనసులో అనుకున్న మాటలన్నీ మారెన్ పక్కన పెట్టేసింది. "నన్నెందుకు అడిగావు ఐనర్? ఆ రోజు నేను..."

"కొత్తవాళ్ళయితే మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకోవాలిగా" అన్నాడు. "అన్ని మాటలు నా దగ్గర లేవు."

"నాకూ మొదట్నుంచే చెప్పాలి. ఒక్కటీ వదలకుండా. గంట టైముంది."

ఐనర్ కిటికీ వైపు చూశాడు. బయట మంచు పడుతోంది. టోపీ ఇటునుంచి అటు తిప్పాడు, అటునుంచి ఇటు తిప్పాడు. మారెన్ తొందరపెట్టలేదు.

"భయమేస్తోంది" అన్నాడు చివరికి. "ఈ కాలు ఇంక రాదేమోనని. ఆవులన్నీ అమ్మేయాలేమోనని. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

మారెన్ తన కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఇంకా చెప్పు" అంది.