రైలు పక్కన సైకిల్

నది మీద కట్టిన కొత్త రైలు వంతెనకి ఒక పక్కన నడిచేవాళ్ళకీ, సైకిళ్ళకీ దారి వేశారు. టైలరమ్మకి ప్రాణం లేచివచ్చింది. ఆమె కుట్టు దుకాణం అవతలి ఒడ్డున ఉంది. బస్సులో చుట్టూ తిరిగి వెళ్ళేసరికి పొద్దెక్కిపోయేది. యాభై దాటిన వయసులో సైకిల్ నేర్చుకుంది, మోకాళ్ళు చెక్కుకుపోయినా లెక్కచెయ్యలేదు.

అంతా బాగానే ఉంది కానీ, వంతెన మధ్యలో ఎదురుగా రైలు వచ్చి పక్కనుంచి పోతుంటే దారంతా వణికేది. ఆమె గబుక్కున దిగి కమ్మీ పట్టుకునేది. మళ్ళీ ఎక్కే ధైర్యం చాలక, అవతలిదాకా తోసుకుంటూ పోవడమే. ఈ వారం కూడా ఇంతే అయితే సైకిల్ ఆడపడుచుకి ఇచ్చేసి మళ్ళీ బస్సెక్కుతానని మొగుడితో తెగేసి చెప్పింది.

పొద్దున్నే ఆ రైలు నడిపేది ఆ మొగుడే. మహానుభావుడు ఏం చేశాడు? పెళ్ళాం మీద ప్రేమ పొంగుకొచ్చి, మర్నాడు వంతెన మీద రైలుని నత్తనడక నడిపించాడు. సాయంత్రం మెచ్చుకోలు కోసం ఆమె ముందుకొచ్చి కూర్చున్నాడు.

"ఏవండీ, నామీద మీకేమైనా కక్షా?" అంది ఆమె.

"అదేమిటే, నీకోసమేగా మెల్లగా పోనిచ్చాను."

"మెల్లగా పోతే ఆ వణుకు ఎప్పటికి వదులుతుందండీ? పెట్టె వెనకాల పెట్టె వస్తూనే ఉంది, నా పైప్రాణాలు పైనే పోయాయి. రేపు మీ దారిన మీరు రయ్యిన పొండి."

ఆయన నాలుక కరుచుకున్నాడు. పాపం, ఇన్నేళ్ళూ రైలు లోపల కూర్చున్న మనిషికి పక్కనున్నవాళ్ళ పాట్లు ఎలా తెలుస్తాయి?

మర్నాడు రైలు రయ్యిన వచ్చింది. దారి వణికింది. ఆమె పళ్ళు బిగించి, కమ్మీ వంక చూడకుండా తొక్కింది. ఇదిగో పడ్డాను, అదిగో పడ్డాను అనుకునేలోపే రైలు వెళ్ళిపోయింది. ఆమె ఇంకా సైకిల్ మీదే ఉంది.

అవతలి ఒడ్డు చేరేసరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కానీ ఎవరితో చెప్పుకోవాలి? ముందు చూస్తూ రైలు నడిపే మనిషి, దాటిపోయాక వెనక ఏమైందో చూసి ఉండడు. దుకాణం ముందు ఒకావిడ జాకెట్టు కోసం నిలబడి ఉంది.

"కాస్త కూర్చోండమ్మా, ఇప్పుడే వస్తా," అని టైలరమ్మ సైకిల్ వెనక్కి తిప్పింది.

వంతెన మధ్యకి వచ్చేసరికి, అనుకున్నట్టే ఆయన రైలు తిరిగి వస్తూ ఎదురుపడింది. చెయ్యి ఊపాలని ఎంత ఆశగా ఉన్నా, హ్యాండిల్ వదిలే ధైర్యం ఇంకా రాలేదు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. అద్దం వెనక ఆయన చెయ్యెత్తాడు. ఈసారి వంతెన వణికిందో లేదో ఆమెకి తెలియనే లేదు.