తాడు కొస

తాడు లాగుతున్నాడు ఎల్లాజీ, ఎంత లాగినా అది తరగడం లేదు, బోటు మీద ఉండాల్సిన మిగతా ఆరుగురిలో ఒక్కడూ కనబడడు, చుట్టూ సముద్రం అనుకుంటే అది చెల్లెలు పైడమ్మ పెరడైపోయి, నడుం లోతు నీళ్లలో ఆమె ఆరేసిన చీరలు తేలుతున్నాయి. ఇరవై ఏళ్లుగా బోటు నడుపుతున్న సరంగు, గాలివానకు జడవని మనిషి, తాడు కొస వచ్చేస్తుందేమోనని జడుస్తున్నాడు. ఆ కొస ఎవరి కంటా పడకూడదు. నెల కిందటి తుఫానులో వెనక కట్టిన చిన్న పడవ బోటును ముంచేస్తుంటే ఆ తాడు కోసింది తనే. పడవలో ఉన్నది పైడమ్మ మొగుడు నూకన్న. ఒడ్డుకొచ్చి చెప్పింది మాత్రం, తాడు తెగిపోయిందని.

ఆ కొస పట్టుకుని నూకన్నే వస్తాడు, ఒళ్లంతా నీళ్లు కారుతూ, బీడీ అడగడానికి వచ్చినంత మామూలుగా.

"ఏటి బావా, అలగ సూస్తన్నావు?"

"ఏడుగురం ఉన్నాం బావా. కొయ్యకపోతే అందరం పోదుం."

"పోదురు. నాను కాదన్నానా?" నూకన్న మొలలోంచి కత్తి తీస్తాడు. "నా కాడా కత్తుంది. ఒక్క కేకేస్తే నానే కోసుకుందును గదా. నన్నెందుకు అడగలేదు?"

"వద్దంటావేమోనని బయమేసింది."

"వద్దంటే?"

"అయినా కోసీసుందును."

నూకన్న కోప్పడడు. అదే భయంగా ఉంది. కొసను బొటనవేలితో రాస్తూ, "పైడమ్మకి సెప్పినావా?" అంటాడు, నీళ్లు ఎల్లాజీ గొంతు దాకా వస్తాయి.

"సెప్పకు బావా, నీకు దండం పెడతాను!"

"సచ్చినోడికి సెప్పడానికి నోరేది?" అంటూ తాడు అతని చేతిలో పెట్టి, నూకన్న వంటింట్లోకి నడిచిపోతాడు, అక్కడ నీళ్లు ఇంకా లోతు.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నపు ఎండ అరుగెక్కింది. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుంది. కాళ్ల దగ్గర పైడమ్మ కూర్చుని ఉంది.

"మీ బావ పడవ దొరికింది అన్నియ్యా. పక్కూరి ఒడ్డుకి కొట్టుకొచ్చింది."

ఆమె ఒళ్లో మూరెడు నీలం తాడు. తెగిన తాడైతే పీచులు పీచులుగా ఊడుతుందని చేపలోళ్ల ఇంట పుట్టినదానికి ఒకరు చెప్పక్కర్లేదు. నున్నటి ఆ కొస మీద బొటనవేలు అటూ ఇటూ రాస్తోంది.

"కోసీసినానమ్మా," అన్నాడు ఎల్లాజీ. "బావని ఒక్క కేకైనా ఎయ్యలేదు."